మీవోళ్ళు

"ఏటి సాయిబూ, రాత్రి మీవోళ్ళు నెగ్గీసారట గదా!"

అనకాపల్లి బెల్లం మార్కెట్లో పొద్దున్నే ఈ మాట పడని ముస్లిం అరుదు. అన్నవాడు చెడ్డవాడు కాదు. మా ఇంటి పెళ్ళికొచ్చి బిర్యానీ తిన్నవాడే. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరలో మా పిల్లల్ని భుజానెత్తుకుని తిప్పినవాడే. రాత్రి క్రికెట్లో పాకిస్తాన్ గెలిచింది, అంతే. పాకిస్తాన్ ఎప్పట్నించి మావోళ్ళయిందో మాకు తెలీదు. అజారుద్దీన్ సెంచరీలు కొట్టిన రోజుల్లో మాత్రం అతను "మనోడు".

మేం నవ్వేస్తాం. బెల్లం దిమ్మల మధ్య నిలబడి ఇంకేం చేస్తాం? నవ్వి, జేబులోంచి కొన్ని పేర్లు తీస్తాం. అబ్దుల్ హమీద్, బిస్మిల్లాఖాన్, కలాం. రేషన్ కార్డు తీసి చూపించినట్టు చూపిస్తాం. ఆ పేర్లలో చాలాకాలం లేని ఒక పేరు గురించి ఇక్కడ మాట్లాడుకోవాలి. మహమ్మద్ హబీబ్.

హైదరాబాదులో 1949లో పుట్టాడు. అన్నదమ్ములందరూ ఫుట్‌బాలే. 1966లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరాడు. హౌరా రైలు మా ఊరి స్టేషన్ మీదుగానే పోతుంది, కానీ మాకు ఆ సంగతి పట్టలేదు. ఆ కాలంలో పెద్ద ఆటగాళ్ళందరికీ బ్యాంకులోనో రైల్వేలోనో పోలీసులోనో ఒక కొలువు ఉండేది. హబీబ్ కొలువులు వద్దనుకుని ఆటే బతుకన్నాడు. దేశంలో మొదటి నిజమైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని అందుకే అతన్ని అంటారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, అతనిదీ హైదరాబాదే. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడుతున్న కాస్మాస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలబడినప్పుడు ఒక గోలు హబీబ్‌ది. 1980లో అర్జున అవార్డు. కలకత్తావాళ్ళు "బడే మియా" అని పిలుచుకున్నారు. తమ్ముడు అక్బర్ "ఛోటే మియా".

మమ్మల్ని ఆలోచనలో పడేసేది గోళ్ళ లెక్క కాదు. అతను వేసుకున్న జెర్సీలు. ఈస్ట్ బెంగాల్ పద్మానది అవతలి నుంచి వచ్చినవాళ్ళ క్లబ్బు. మోహన్ బగాన్ ఇవతలివాళ్ళ క్లబ్బు. మహమ్మడన్ స్పోర్టింగ్ పేరులోనే ఉంది ఎవరిదో. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగ్ గెలిచిన క్లబ్బు అది. హబీబ్ మూడింటికీ ఆడాడు, అటూ ఇటూ మారుతూ ఆడాడు. ఏ జెర్సీ వేసుకుంటే దానికోసం ఒళ్ళు దాచుకోకుండా పరిగెత్తాడు. ఇది విధేయత కాదా? రక్తంలో ఉండేదే విధేయతా, చేసిన పనిలో ఉండేది కాదా?

ఇక్కడ మా సంగతి కూడా చెప్పుకోవాలి. హబీబ్ గురించి మాకు తెలిశాక మాలో ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న: "మహమ్మడన్‌కి ఎన్నేళ్ళు ఆడాడు?" ఎవరూ నవ్వలేదు. అందరికీ జవాబు కావాలి. బెల్లం మార్కెట్లో మమ్మల్ని కొలిచిన తూకపురాళ్ళే మా చేతుల్లోనూ ఉన్నాయి.

దేశం క్లబ్బు కాదు కదా, సీజన్ అయిపోగానే మారడానికి, అంటారు. నిజమే. మేమూ మారలేదు. 1947లో మారడానికి దారి తెరిచే ఉంది. మా తాతలు ఈ శారదా నది గట్టు వదల్లేదు. మారే వీలుండీ మారనివాణ్ణి పట్టుకుని నీదే జట్టని పొద్దున్నే అడగడం ఏ ఆటలో నియమం?

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ సంగతి ఆటగాళ్ళు చాలాసార్లు చెప్పారు. కోచ్ హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం, లోపల క్యాన్సర్. (మరుసటి జూన్‌లో పోయాడు.) తైవాన్, ఇజ్రాయెల్‌లని రానివ్వలేదని మనవాళ్ళొకాయన తప్పు పట్టినందుకు స్టేడియం స్టేడియమంతా ఇండియా మీద కేకలేస్తోంది. ఆ గోలలో ఇండియాకి చప్పట్లు కొట్టినవాళ్ళు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళట. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం వచ్చింది.

వాళ్ళు కొట్టగలిగారు. తిరిగి వాళ్ళ దేశం వెళ్ళాక వాళ్ళనెవరూ అనుమానించి ఉండరు. అక్కడ వాళ్ళు మెజారిటీ. మేం టీ కొట్టు ముందు టీవీ చూస్తున్నప్పుడు పాకిస్తాన్ కుర్రాడు అద్భుతమైన బంతి వేస్తే మా చేతులు వాటంతటవే ఒడిలోకి ముడుచుకుంటాయి. ఇండియా ఫోరు కొడితే అవసరమైన దానికంటే గట్టిగా కొడతాం, పక్కవాడికి వినబడాలని. ఇండియా గెలవాలని మాకు నిజంగానే ఉంటుంది. ఆ నిజమైన కోరికని కూడా నటించి చూపించాల్సి రావడమే మా బాధ. నటించీ నటించీ ఏది మాదో మాకే తెలీకుండా పోతుంది.

ఆట మానేశాక హబీబ్ కోచ్ అయ్యాడు. జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకి నేర్పాడు, తర్వాత హల్దియాలో. ఆటగాడికి గోలుంది, చూపించుకోవచ్చు. కోచ్ దగ్గర ఏముంది? అతని పని ఇంకొకరి కాళ్ళల్లోకి వెళ్ళిపోతుంది. స్కోరుబోర్డు మీద పేరుండదు. మాలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. బెల్లం మూటలు మోసేవాళ్ళు, దూదేకులవాళ్ళు, స్కూటర్లు బాగుచేసేవాళ్ళు, బడిలో అ ఆలు దిద్దించేవాళ్ళు. ఏ జాబితాకీ ఎక్కరు. పతకం తెచ్చిన సాయిబు "మనోడు" అయితే, పంచరు వేసే సాయిబు ఎవరోడు? హబీబ్ పేరు జేబులోంచి తీసి చూపించిన ప్రతిసారీ ఆ పంచరు సాయిబుని మేమే వెనక్కి నెడుతున్నామేమో.

2023 ఆగస్టు 15న హైదరాబాదులో హబీబ్ చనిపోయాడు. చివరి ఏళ్ళలో మతిమరుపు జబ్బు. ఆ సాయంత్రం మాలో ఒకరన్నారు: "చూడండి భాయ్, జెండా పండగ రోజే పోయాడు." అందరం తలూపాం. ఎంత గర్వంగా ఊపామో! ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఒక మనిషి చావుని కూడా సర్టిఫికెట్ చేసుకున్నాం. ఏ ఏప్రిల్లోనో పోయుంటే తక్కువవాడయ్యేవాడా?

ఈసారి మ్యాచ్‌లో అవతలి కుర్రాడు మంచి బంతి వేస్తే చప్పట్లు కొడదామని ఇద్దరు ముగ్గురం అనుకున్నాం. మ్యాచ్ వచ్చింది, ఆ బంతీ వచ్చింది. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. టీ గ్లాసులు అందుకున్నాం.