గన్నుకు చెవుల్లేవు

సూర్యాపేటలో ఒక ఇంటీరియర్ మేస్త్రి ఉండేవాడు. పేటలో బట్టల షాపు, కోదాడలో హోటలు, మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఓనరు ఇల్లు, మూడు పనులూ ఒకేసారి పట్టాడు. మూడు చోట్లకీ మేకుల గన్నులు, కంప్రెసర్లు కొన్నాడు. కూలి అడుగుల లెక్క. ఎంత కొడితే అంత.

మొదటి దెబ్బ పేటలో. ఒక కుర్రాడు ట్రిగ్గర్ నొక్కిపట్టుకునే నిచ్చెన దిగుతుంటే గన్ను మూతి మోకాలికి తగిలింది. తగిలిందే చాలు, మేకు దిగింది. మేస్త్రి దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించి, "చూసి పట్టుకోవద్దారా" అన్నాడు.

నెల తిరక్కముందే కోదాడ. ఈసారి కుర్రాడు కాదు, చెయ్యి తిరిగిన కార్పెంటర్. ఒక మేకు కొట్టాడు. గన్ను వెనక్కి తన్ని, వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉండగా మూతి మళ్లీ చెక్కకు తగిలి, అడగని రెండో మేకు వదిలింది. అది మొదటి మేకు తల మీద జారి, పలక పట్టుకున్న ఎడమచేతి చూపుడువేల్లోకి పోయింది. "ఇన్నేండ్ల పనోనివి, నీకు గూడ చెప్పాల్నా?" అని మేస్త్రి కసిరాడు. గోడ మీద ఎర్ర రంగుతో 'జాగ్రత్త' అని రాయించాడు.

మిర్యాలగూడలోనూ రాయించబోతే అక్కడి ముసలి వడ్రంగి అడ్డం వచ్చాడు.

"మూడూర్లల్ల జాగ్రత్త జాగ్రత్త అంటున్నవ్, ఎవరికి చెప్తున్నవ్ మేస్త్రీ?"

"పిల్లలకే పెద్దయ్యా."

"పిల్లలు పొద్దుగాల ఇంటరు. పొద్దుగూకేటాళ్లకు ఏలు అలిసిపోతది. గన్నుకు ఎట్లాగూ చెవుల్లేవు."

ట్రిగ్గర్ నొక్కిపట్టి, ఒక పాత పలక మీద మూతిని అక్కడక్కడ ఆనించాడు. ఆనించిన చోటల్లా మేకు. తర్వాత ఎయిర్ పైపు ఊడదీసి గన్ను పక్కన పెట్టాడు.

"నేను కొట్టమన్నదాన్ని గాదు, దేనికి తగిల్తే దాన్ని కొడ్తున్నది. మూతి ముందు చెక్కకు ఆనాలె, అటెన్క నొక్కాలె. ఒక్క నొక్కుకు ఒక్కటే మేకు. అసొంటి ట్రిగ్గర్ ఏపియ్యి."

"పని నిదానమైతది గద?"

"కోదాడ పని గిప్పుడు ఉరుకుతున్నదా?"

మేస్త్రి దగ్గర జవాబు లేదు. రెండు గన్నులకు కంపెనీ ట్రిగ్గర్లు దొరికాయి, మూడోదాన్ని మార్చి వేరేది కొన్నాడు. అడుగుల లెక్క మాత్రం మార్చలేదు. అది ఇంకో కథ.

నీతి: దెబ్బ తిన్నవాణ్ణి తిట్టడానికి ముందు వాడి చేతికి ఏమిచ్చామో చూడాలి. జాగ్రత్తగా ఉండమనడానికి ఖర్చేమీ ఉండదు, అందుకే యజమానులకు ఆ మాటంటే అంత ఇష్టం. ఈ గన్నులు ఇళ్ల పనిలో మామూలైపోయిన అమెరికాలో, తగిలితే చాలు పేలే ట్రిగ్గర్‌తో ప్రమాదం రెండింతలని లెక్క తేలింది. 2011లో అక్కడి కార్మిక భద్రతా సంస్థలు ఓషా, నియోష్ కాంట్రాక్టర్ల కోసమే వేసిన పుస్తకంలో ముసలాయన అడిగిన ట్రిగ్గర్‌నే వాడమన్నాయి. ఇక నిదానం సంగతి: పదిమంది వడ్రంగులతో ఒకే కొలత షెడ్లు రెండు రకాల గన్నులతోనూ కట్టించి చూస్తే, మొత్తం పని సమయంలో తేడా 1 శాతం కూడా రాలేదు. కొనేవాళ్లు షాపులోనే ఒక చెక్కముక్క అడిగి, ట్రిగ్గర్ ముందే నొక్కిపట్టి, మూతిని ఒకచోట ఆనించి, వేలు తీయకుండా ఇంకోచోట ఆనించి చూడాలి. ఏ ఒక్కచోట మేకు దిగినా ఆ గన్ను వద్దని తిరిగిచ్చేయాలి.