మూట బరువు

గంజాయి మంచిదా చెడ్డదా అని మీటింగుల్లో చర్చలు జరుగుతాయి. మా మాలపేటలో ఆ చర్చ లేదు. అది కొంపలు కూల్చేదేనని మాకెవరూ చెప్పక్కర్లేదు. మా పేటలో అడిగే ప్రశ్న వేరు. ‘‘గుంటడు దొరికాడంట కదా, మూట ఎన్ని కేజీలు?’’

ఎందుకంటే శిక్ష మూటని బట్టే. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. 2001లో దాన్ని సవరించి శిక్షని తూకానికి కట్టారు. ఇప్పుడు గంజాయి కేజీ లోపైతే ఏడాది వరకు జైలు. 20 కేజీలు దాటితే 10 ఏళ్లకు తక్కువ లేదు, పైన లక్షకు తగ్గని జరిమానా. ఆ కేసులో బెయిలు కావాలంటే, వీడు నేరం చెయ్యలేదని నమ్మడానికి విచారణ కాకముందే జడ్జీకి కారణాలు కనపడాలి. కూలోడి దగ్గర ఏం కారణాలుంటాయి?

మా సిన్నాన్న కొడుకు అలా దొరికినోడే. నర్సీపట్నం అవతల కొండదారిలో మూట దింపితే కూలిస్తామన్నారు. పొలంలో వారం రోజులు నడుం వంచినా రాని డబ్బు. దింపాడు, దొరికాడు. మూట ఎత్తినోడు దొరకలేదు. పెట్టుబడి పెట్టినోడి పేరు కేసు కాగితాల్లోనే లేదు. అదే చట్టంలో 27-ఎ సెక్షనుంది. డబ్బు పెట్టి నడిపించినోడికీ 10 ఏళ్లకు తగ్గకుండా వెయ్యాలంటుంది. కాని డబ్బుని కాటాలో పెట్టరు. కాటాకెక్కేది మూట. మూట ఉండేది మావోడి భుజం మీద. విచారణ ఖైదీగానే మూడేళ్లు ఉన్నాడు వాడు.

వెట్టికి ఊరి బరువులన్నీ మోసిన భుజాలివి. ఇప్పుడు ఊరి నేరమూ వీటి మీదకే వచ్చింది. 2022 చివరికి దేశంలో జైళ్లలో ఉన్న నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడనోళ్లే. 2011 లెక్కల్లో జనాభాలో దళితులు నూటికి 16.6 మంది. విచారణ ఖైదీల్లో సుమారు 20. అదే మొక్క ఆకు భంగు అయితే ఈ చట్టంలోకే రాదు. ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో దానికి లైసెన్సు దుకాణాలున్నాయి.

‘‘అయితే వదిలేద్దామంటావా అన్నా?’’ అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మా అమ్మ సారా ఉద్యమంలో నడిచిన మనిషి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు సారా దుకాణం మూయించాక ఆ గాలి మా వైపుకీ వచ్చింది. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్యం ఆగింది, 1997లో సడలించేశారు. అమ్మ అడిగింది వేలంపాట ఆపమని, దుకాణం మూయమని. అంటే అమ్మి బాగుపడే చెయ్యిని పట్టుకోమని. మా మొగోళ్లని బొక్కలో తొయ్యమని ఏ ఆడమనిషీ అడగలేదు. నిషేధం వచ్చాక పక్క రాష్ట్రాల నించి సరుకు దిగింది. మా వైపు సీసాలతో దొరికింది కూలోళ్లే.

రాజ్యాంగం 47వ అధికరణం మత్తుని మాన్పించమంటుంది. నిజమే. కాని అదే అధికరణం ముందుగా చెప్పేది జనం తిండినీ బతుకునీ మెరుగుచెయ్యడం ప్రభుత్వం ముఖ్యమైన బాధ్యతల్లో ఒకటని. ఆ మొదటి సగాన్ని పక్కనపెట్టి రెండో సగాన్ని పోలీసు చేతికిచ్చారు. తిండి లేనోడు మూటెత్తితే నీతి ఎవరిది తప్పింది?

అలవాటు పడ్డోడికి వైద్యం కావాలి. పోర్చుగల్‌లో 2001 నించి, సొంతానికి కొద్దిగా ఉంచుకున్నోడిని జైలుకి పంపడం లేదు. అక్కడ కూడా మత్తు అమ్మకం నేరమే. మోసినోడికి శిక్షే వద్దని నేననను. ఎంత మోశాడన్నది ఒక్కటే చూడొద్దంటాను. అందులో వాడికెంత దక్కింది, ఎవరికెంత మిగిలింది అని కూడా చూడాలి.

లా చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ జిల్లా కోర్టుకి ఒక రోజు వెళ్లండి. గంజాయి కేసు పిలిచినప్పుడు బోనులో నిలబడ్డోడిని చూడండి. కాగితాల్లో మూట బరువు ఉంటుంది. మూట సొంతదారు ఎవరని ఎక్కడైనా రాశారేమో వెతకండి.