పిల్లలను కాచు చేప

సోంపేట బీలలో తొలకరి నీరు నిలిచినప్పుడు గట్టున నిలువబడి చూడుడి. ఎర్రని పిల్లలు గుంపుగా పైకి వచ్చి ఊపిరి పీల్చుకొని మునుగును. వాటి క్రిందనే కొర్రమీను కాపలా యుండును. తల్లియే కాదు, తండ్రియు కాచును. పిల్లల జోలికి వచ్చిన దేనిమీదనైనను అది విరుచుకుపడును, గాలముమీద సయితము. అందువలన ఆ దినములలో దానిని పట్టుట బహు సుళువు.

పక్షి గూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:6, 7లో ఆజ్ఞ యున్నది. అక్కడ చేప మాట లేదు గనుక మనకు దోషము లేదందుమా? కాచువారు పోయిన పిల్లలు ఇతర చేపలకు ఆహారమగును. ఒక్క గాలముతో రాబోవు ఏటి కూరయు పోవును.

"అయ్యగారూ, ఇంట గింజలు లేవు, ఈ పూట మాటేమిటి?" అని ఒక సహోదరుడు అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. అట్టి చేపను మేమును తిన్నవారమే. అయితే సంత ధర కొరకు పట్టువారును, నీట మందు కలిపి చిన్న పరిగెలతో సహా చంపువారును కలరు. వారికి ఆకలి సాకు కాజాలదు.

2010 జూలై 14న, థర్మల్ విద్యుత్ కేంద్రము వద్దని ఈ బీల కొరకు నిలిచినవారిమీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. ఆ దినముననే దాని పర్యావరణ అనుమతి రద్దాయెను. అంత వెలకు నిలిచిన నీటిలో పిల్లల కాలమందు మన గాలమును ఆపలేమా? తొలకరికి ముందే సంఘ పెద్దలు జాలరి సహోదరులతో కూర్చుండవలెనని కోరుచున్నాము. ఆ కాలమున గింజలు లేని ఇండ్లకు పిడికెడు బియ్యపు కానుకలో కొంత ఇయ్యవచ్చునా అనునదియు అప్పుడే తేల్చుకొందము.