జట్టులోని బలవంతుడు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 15:36–41



సంఘ పత్రికలో ఫుట్‌బాల్ ఆటను గూర్చి వ్రాయుట యేమని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. పౌలు భక్తుడు పరుగుపందెమును గూర్చి కొరింథీయులకు వ్రాయుటకు జంకలేదు గనుక మేమును జంకుట లేదు. మన యౌవనస్థులు అర్ధరాత్రి దాటిన తరువాత మేలుకొని ఐరోపా ఆటలను చూచుచున్నారు. ఆదివారపు ఆరాధనలో వారి కన్నులు ఎందుకు మూతపడుచున్నవో తలిదండ్రులకు తెలియును. వారిని గద్దింపబోయి, వారి ప్రక్కనే కూర్చుండి మేమును కొన్ని ఆటలు చూచితిమి. చూచిన కొలది మాకొక ప్రశ్న పుట్టెను. ఆ ప్రశ్న ఆటస్థలమును విడిచి మన సంఘములోనికి నడిచివచ్చెను.

జట్టులో పదునొకండుగురు ఉందురు. అందులో ఒకడు తక్కిన పదిమందికంటె మిక్కిలి నేర్పరి. వాడు తనయెడల కఠినుడు, తోటివారియెడలను కఠినుడు. బంతి తాను కోరినచోటికి రానియెడల చేతులు రెండును పైకెత్తి లోకమంతయు చూచునట్లు విసుగుకొనును. అరచును. ఎవడు ఎక్కడ నిలువవలెనో వేలు చాపి చెప్పును. ఇట్టివాని ప్రక్కన ఆడువారు ఎదుగుదురా, క్రుంగుదురా?

ఎదుగుదురని చెప్పుటకు మంచి సాక్ష్యమే ఉన్నది. ఇంగ్లాండులోని మాంచెస్టర్ యునైటెడ్ జట్టుకు 1997 మొదలు 2005 వరకు రాయ్ కీన్ అను ఐర్లాండు దేశస్థుడు కెప్టెనుగా నుండెను. సాధన సమయమందు సహితము అలసత్వమును సహింపనివాడని అతనితో ఆడినవారు చెప్పుదురు. 1999 ఏప్రిల్ 21వ తేదీన ఇటలీలోని ట్యూరిన్ నగరమున యువెంటస్ జట్టుతో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండవ ఆట జరిగెను. మొదటి పదునొకండు నిమిషములలోనే యువెంటస్ వారు రెండు గోలులు చేసిరి. అంతటితో ఆట ముగిసెనని చూచువారు అనుకొనిరి. ఇరువది నాలుగవ నిమిషమున కీన్ తానే తలతో బంతిని గోలులోనికి కొట్టెను. కొంతసేపటికి ప్రత్యర్థిని తప్పుగా అడ్డగించినందున రిఫరీ అతనికి పసుపు కార్డు చూపెను. అంతకుముందున్న కార్డులతో కలిపి లెక్కించినచో, జట్టు ఫైనలుకు చేరినను అతడు అందులో ఆడరాదు. ఆ సంగతి అతడు ఎరుగును. ఎరిగియుండియు, ఆ తరువాత మిగిలిన ఆట అంతయు జట్టును తన భుజములమీద మోసెను. 3–2 గోలులతో మాంచెస్టరువారు గెలిచిరి. మే 26వ తేదీన బార్సిలోనాలో వారు కప్పు అందుకొన్నప్పుడు అతడు ఆడక ప్రక్కన నుండవలసివచ్చెను. తనకు దక్కని దానికొరకు ఒకడు అట్లు పరుగెత్తగా, వాని ప్రక్కనున్నవాడు నడువగలడా? కఠినుని మాటకు బరువు వచ్చునది ఇక్కడనే.

అయితే ఆ మనుష్యుని కథ అక్కడ ఆగలేదు. 2005 అక్టోబరు 29న ఆ జట్టు మిడిల్స్‌బరో చేతిలో 4–1 గోలులతో ఓడెను. అప్పుడు కీన్ పాదము విరిగి ఆడలేని స్థితిలో నుండెను. క్లబ్బువారి సొంత టెలివిజన్ కార్యక్రమములో కూర్చుండి తోటి ఆటగాండ్ర లోపములను కఠినముగా ఎంచెను. క్లబ్బువారు ఆ కార్యక్రమమును ప్రసారము చేయనేలేదు. మూడు వారములు తిరుగకముందే, నవంబరు 18న, పండ్రెండు సంవత్సరములు ఆడిన జట్టును అతడు విడిచిపోయెను. అతడు చెప్పినది అబద్ధమా అనినచో, కాకపోవచ్చును. కాని తానును బురదలో ఆడుచు గద్దించుట వేరు, కుర్చీలో కూర్చుండి గద్దించుట వేరు. ప్రసంగపీఠమునెక్కు మావంటివారు దీనిని రెండుసార్లు చదువుకొనవలెను.

భయము ఆటగాని కాళ్లలోనికి ఎట్లు దిగునో కొంచెము చెప్పవలెను. ఇది ఆటయందు ఆసక్తి లేనివారికిని పనికివచ్చును. ఒక కుఱ్ఱవాడు బంతిని పొరపాటుగా తన్నెను. బలవంతుడు చేతులెత్తి వానిని చిన్నబుచ్చెను. మరల వానియొద్దకు బంతి వచ్చినప్పుడు వాడు మైదానమును చూడడు, బలవంతుని ముఖమును చూచును. ఎడమప్రక్కను వేరొకడు ఖాళీగా నిలిచియున్నను, శత్రువులు ముగ్గురు చుట్టుముట్టియున్న ఆ బలవంతునికే బంతిని పంపును. లేదా ఏ అపాయమును లేకుండ వెనుకకు పంపివేయును. భయము ఇంకను ముదిరినచో వాడు దాగుకొనును. మైదానము మధ్యను వేలమంది యెదుట దాగుకొనుట ఎట్లనగా, ప్రత్యర్థి వెనుకకు రెండడుగులు జరిగి, తనకు బంతి పంపుటకు వీలులేనిచోట నిలుచును. పరుగెత్తుచునే యుండును, చెమట కారుచునే యుండును, కాని ఆటలో ఉండడు. అప్పుడు బలవంతుడు, నేనొక్కడనే ఆడుచున్నానని అనును. అది నిజమే. అట్లు చేసినది ఎవరు?

మన సంఘములలో దాగుకొనువారిని మీరెరుగుదురు. ప్రార్థన చేయుమనగా కంఠము బాగులేదందురు. కానుకల లెక్క చూడుమనగా పొలము పనియున్నదందురు. వారందరును సోమరులు కారు.

హాలండు దేశపు యోహాన్ క్రైఫ్ మాట కూడ ఇక్కడ చెప్పి విడిచిపెట్టుదము. ఆజాక్స్ జట్టు 1971, 1972, 1973 సంవత్సరములలో వరుసగా మూడుమారులు ఐరోపా కప్పు గెలిచెను. ఆ జట్టుకు కన్నును మెదడును క్రైఫే. ఆడుచునే పదిమందికిని చేయి చాపి దారి చూపుచుండెడివాడు. 1973 వేసవిలో కెప్టెను ఎవరుండవలెనని ఆటగాండ్రు ఓట్లు వేసికొనిరి. కైజర్ అను మరియొకని వారు కోరుకొనిరి. కొన్ని వారములలో క్రైఫ్ బార్సిలోనాకు వెళ్లిపోయెను. ఆ సీజనులోనే బార్సిలోనావారు, 1960 తరువాత మొదటిసారిగా, స్పెయిన్ దేశపు లీగును గెలిచిరి. ఆజాక్స్ మరల ఐరోపా కప్పును ముద్దాడుటకు 1995 వరకు ఆగవలసివచ్చెను. ఎవరిది తప్పని మేము తీర్పు చెప్పజాలము. మూడేండ్లు కలిసి గెలిచినవారు ఒక ఓటులో తమ మనస్సు బయటపెట్టిరి. వారి గుండెలలో ఏమి పేరుకొనుచున్నదో ఆ మూడేండ్లును ఆయనకు తెలియలేదు. గెలుపు చాల సంగతులను కప్పివేయును.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. మొదటి సువార్త ప్రయాణములో పౌలును బర్నబాయును వెళ్లగా, మార్కు అను యోహాను వారికి సహాయకుడుగా నుండెను. పంఫూలియలోని పెర్గేకు చేరగానే ఈ యౌవనస్థుడు వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుకో లూకా వ్రాయలేదు. ముందున్న కొండదారులకు జడిసెనో, జ్వరము వచ్చెనో, తల్లి జ్ఞాపకము వచ్చెనో. తరువాత రెండవ ప్రయాణమునకు సిద్ధపడునప్పుడు బర్నబా వీనిని మరల తీసికొనిపోవుదమనెను. పౌలు ససేమిరా అనెను. నడిమిలో విడిచిపోయినవాడు మరల విడిచిపోవునని ఆయన వాదము. ఆ ఇద్దరు మహాభక్తుల మధ్య మాట ముదిరి, ఒకరినొకరు విడిచి వేరైపోవువరకు వచ్చెను. బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడయెక్కెను. పౌలు సీలను ఏర్పరచుకొనెను.

ఈ భాగమును బోధించునప్పుడు మనము పౌలును కాపాడుటకు తొందరపడుదుము. లూకా తొందరపడలేదు. జరిగినదానిని జరిగినట్లు వ్రాసి ఊరకుండెను. పౌలు కోరినదాంట్లో అన్యాయమేమియు లేదు. ముందు రాళ్ల దెబ్బలును చెరసాలలును ఉన్నవి, నిలువలేనివానిని నమ్ముకొని పోవుట ఎట్లు? కాని ఆయన మరచిన సంగతి ఒకటి ఉన్నది. ఆయన మారుమనస్సు పొంది యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు ఆయనను చూచి భయపడి దూరముగా నుండగా, చేయి పట్టుకొని అపొస్తలులయొద్దకు తీసికొనిపోయినవాడు ఎవడు? ఈ బర్నబాయే. తొమ్మిదవ అధ్యాయము తెరచి చూడుడి. ఒకప్పుడు బర్నబా చేయి పట్టుకొని లోపలికి వచ్చినవాడు, బర్నబా మరియొకని చేయి పట్టుకొనగా ఒప్పుకొనలేదు.

ఆట మాటకు తిరిగి రావలసియున్నది, ఏలయనగా మార్కు కథ చదువునప్పుడెల్ల మాకొక పెనాల్టీ జ్ఞాపకము వచ్చుచున్నది. 2012 జూన్ 27న యూరో పోటీల సెమీఫైనలులో పోర్చుగల్, స్పెయిన్ జట్లు గోలు లేకుండ ముగించి పెనాల్టీలకు వచ్చినవి. పోర్చుగల్ తరపున మొదట కొట్టినవాడు జ్వావ్ మొటీన్యో. స్పెయిన్ గోల్‌కీపరు దానిని ఆపివేసెను. పోర్చుగల్ ఓడెను. అయిదవవాడుగా కొట్టవలసిన క్రిస్టియానో రొనాల్డోకు వంతే రాలేదు. నాలుగేండ్లు గడచెను. 2016 జూన్ 30న మార్సేల్ నగరమున పోలండుతో ఆట సమానమై, అదే పోటీలలో మరల పెనాల్టీలు వచ్చినవి. మొటీన్యో వెనుకకు జరుగుచుండెను. అతని వెనుకంజకు కారణము వెదకనక్కరలేదు. రొనాల్డో అతనిని పిలిచెను. నీవు బాగుగా కొట్టగలవు, వచ్చి కొట్టుము, ఓడిపోయినచో ఓడిపోవుదము, ఇక దేవుని చేతిలో నున్నదని అతడు చెప్పిన మాటలు కెమెరాలకు చిక్కెను. నడుమ నొక మోటు మాట కూడ దొర్లెను. దానిని ఇచ్చట వ్రాయము. మొదటి పెనాల్టీ రొనాల్డో తానే కొట్టి గోలు చేసెను. మూడవది మొటీన్యో కొట్టెను. గోలు. పోర్చుగల్ గెలిచెను.

జూలై 10న ఫైనలులో రొనాల్డో మోకాలికి దెబ్బ తగిలి, ఇరువదియైదవ నిమిషముననే కన్నీళ్లతో మైదానము విడిచెను. ఆట చివరను మోకాలికి కట్టు కట్టుకొని గీత ప్రక్కను కోచ్ దగ్గర నిలిచి, కుంటుచు కేకలువేయుచుండెను. గోలు చేసినవాడు ఎదేర్. స్వదేశపు అభిమానులే అంతకుముందు ఎగతాళి చేసిన ఆటగాడు అతడు. గెలుపు గోలు నీవే చేయుదువని రొనాల్డో తనతో చెప్పెనని అతడు తరువాత తెలిపెను.

ఆ రొనాల్డోను మేము పరిశుద్ధుని చేయబోవుట లేదు. 2021 మార్చిలో బెల్‌గ్రేడ్ నగరమున సెర్బియాతో ఆడునప్పుడు, గీత దాటిన గోలును ఇయ్యలేదను కోపముతో కెప్టెను పట్టీని నేలకు విసిరి, ఆట ముగియకముందే నడిచిపోయినవాడును ఇతడే. బంతి తనకు రానప్పుడు తోటివారిమీద చేతులు విసరుట అందరును చూచినదే. ఒకే మనుష్యునిలో రెండును ఉన్నవి. మాకును అదే భయము.

పౌలులోను రెండు ఉండెను. మార్కు పేరు ఆయన పత్రికలలో మరల కనబడుచున్నది. కొలొస్సయులకు వ్రాయుచు, మార్కు వచ్చినయెడల చేర్చుకొనుడని చెప్పుచున్నాడు. ఫిలేమోను పత్రికలో తన జతపనివారి వరుసలో అతని పేరు చేర్చుచున్నాడు. ఇక తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయములో, మరణము దగ్గరపడగా, చలికాలమునకు తన అంగీని తెమ్మని కోరుచున్న ఆ ముసలివాడు మార్కును కూడ తోడుకొని రమ్మనుచున్నాడు, అతడు పరిచర్యకు ఉపయోగపడునని. అదే అధ్యాయములో ఇంకొక మాట ఉన్నది. తన మొదటి విచారణలో అందరును తన్ను విడిచిపోయిరని చెప్పి, అది వారిమీద మోపబడకుండును గాక అని ప్రార్థించుచున్నాడు. పంఫూలియలో విడిచిపోయిన ఒక్కని తప్పును ఏండ్ల తరబడి లెక్కలో నుంచుకొన్నవాడే, ఇప్పుడు అందరి తప్పును కొట్టివేయుమనుచున్నాడు. ఆయన తన పనిలో మెత్తబడలేదు. ఆ అధ్యాయములోనే తిమోతికి ఆయన ఇచ్చుచున్న ఆజ్ఞలు చదువుడి, ఎంత కఠినముగా నున్నవో. తక్కువ కోరుట ఆయన నేర్చుకొనలేదు. మరల పిలుచుట నేర్చుకొనెను.

మా సంగతి చెప్పక ఈ ధ్యానము ముగించుట న్యాయము కాదు. చాల సంవత్సరముల క్రిందట మేము ఒక సంఘములో గాయక బృందమును నడిపితిమి. శ్రుతి తప్పినచో మా చెవిలో ముల్లు గ్రుచ్చినట్లుండును. బృందములో పదవ తరగతి బాలుడొకడు ఉండెను. స్వరము మారు వయస్సు. క్రిస్మస్ రాత్రి ఆరాధనలో వాడు ఒక చరణమును ముందుగా ఎత్తుకొనెను. మేము హార్మోనియము ఆపి, అందరును చూచుచుండగా వానిని చూచుచు నిలిచితిమి. ఒక్క మాటయు అనలేదు. మాటకంటె అది చెడ్డది. తిరిగి మొదలుపెట్టితిమి, పాట ఎంతో చక్కగా వచ్చెను, ఆ రాత్రి అనేకులు మమ్మును మెచ్చుకొనిరి. వాడు మరల సాధనకు రాలేదు. పిమ్మట ఆరాధనకును రాలేదు. వాని తల్లి ఒంటరిగా వచ్చెడిది. మేమడిగినప్పుడు, “వాడికి పరీక్షలండి అయ్యగారూ” అనెడిది. పరీక్షలు మార్చిలో ముగిసినవి. జూన్ నెలలోను ఆమె అదే మాట చెప్పెను, మేమును తల ఊపితిమి.

పోయిన నెల వేరొక పనిమీద ఆ ఊరు వెళ్లినప్పుడు ఆమెను చూచితిమి. ఆమెకు తల నెరసెను. కుమారుడు ఇప్పుడు వేరొక పట్టణములో ఉద్యోగము చేయుచున్నాడట. వానికి ఇద్దరు పిల్లలట. ఇంటిలో పాడునా అని అడుగుటకు మాకు నోరు రాలేదు. ఆమెయే చెప్పెను, పిల్లలను నిద్రపుచ్చునప్పుడు పాడునని. ఫోను నంబరు అడిగి వ్రాసికొంటిమి. ఆ కాగితము మా బైబిలులో, తిమోతి రెండవ పత్రిక దగ్గరనే యున్నది. ఇంతవరకు ఫోను చేయలేదు. ఏమని మొదలుపెట్టవలెనో తెలియలేదు. ఈ పత్రిక అచ్చునకు పోవులోపల చేయుదుమని తలంచుచున్నాము. మాకొరకు ప్రార్థించుడి.