దయ్యం చింతచెట్టు మీదే ఉందా?

మన చిత్తూరు, తిరుపతి పల్లెలలో పిల్లలు చీకటి పడ్డాక చింతచెట్టు కిందుగా నడవరు. తప్పనిసరైతే మెడలోని జపమాల పట్టుకొని పరుగెత్తుతారు. ఇంట్లో ఎవరికైనా పీడకలలు వస్తే ఫాదర్‌గారిని పిలిచి పవిత్ర జలం చల్లిస్తాము. అందులో తప్పులేదు. కాని మనం భయపడవలసిన దయ్యం అదేనా?

2020లో అమెరికాలో హెచ్.బి.ఓ. సంస్థ ‘లవ్‌క్రాఫ్ట్ కంట్రీ’ అనే 10 భాగాల టెలివిజన్ సీరియల్ ప్రసారం చేసింది. 1950ల నాటి నల్లజాతివారి కథ. మంత్రగాళ్ళు, రాకాసి మృగాలు అన్నీ ఉన్నాయి. రక్తపాతం, అసభ్య దృశ్యాలు కూడా మెండు. పిల్లలకు చూపించదగినది కాదు. మొదటి భాగంలో కారులో వెళుతున్న ముగ్గురు నల్లవారిని, పొద్దుగూకేలోగా జిల్లా దాటిపొమ్మని షెరీఫ్ బెదిరిస్తాడు. అలాంటి ఊళ్ళు అక్కడ నిజంగానే ఉండేవి. తరువాత అడవిలో మృగాలు మీద పడతాయి గాని, అప్పటికే మనల్ని వణికించినవాడు ఆ షెరీఫే. 1921లో టల్సా పట్టణంలో నల్లవారి పేటను తగులబెట్టిన ఘోరమూ ఇందులో చూపించారు.

ఇక్కడే నాకొక చిక్కు. నిజంగా చనిపోయినవారిని దయ్యాల కథలో కలపవచ్చునా? పాపం మంత్రానిదే, మనిషిది కాదు అనిపించదా? అనిపిస్తుందనే నా భయం. టల్సాకు నిప్పు పెట్టినవారికి ఏ మంత్రమూ అవసరం రాలేదు.

మన రాష్ట్రంలోనూ అంతే. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో పట్టపగలు 8 మంది దళితులను చంపారు. సినిమా హాలులో కాలు తగిలిందన్న గొడవ ముదిరి అంతదాకా వచ్చింది. శవాలను గోనెసంచులలో కుక్కి కాలువలో పడవేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టివేసింది. ఆదికాండములో హేబెలు దయ్యమై తిరగలేదు. అతని రక్తమే నేలలోనుండి దేవునికి మొరపెట్టింది.

మార్కు సువార్త 5వ అధ్యాయము తీసి చూడండి. సమాధులలో తిరిగే పిశాచగ్రస్తునితో ఆ ఊరివారు ఎలాగో కాలం గడిపారు. అతడు బాగుపడి, బట్టలు కట్టుకొని కూర్చున్నాకే భయపడి, తమ ప్రాంతం విడిచిపొమ్మని ప్రభువును బతిమాలారు.

మన సంఘములోనూ అంటరానితనం ఉన్నదని 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్యే ఒప్పుకొన్నది. పెళ్ళి సంబంధం వస్తే మనం మొదట అడిగేది జ్ఞానస్నానం గురించి కాదు, ‘వాళ్ళు ఏమిటోళ్ళు?’ అని. అర్ధరాత్రి కాదు, చింతచెట్టు కింద కాదు. పట్టపగలు, తిరుహృదయ పటం కింద కూర్చొని, కాఫీ తాగుతూ అడుగుతాము.