ఏ చాయ దాకా?

తెలుగులో చాయ అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. నీడ ఒకటి, ఒంటి రంగు ఇంకొకటి. మొహం మీద వచ్చే మంగు గురించి ఆలోచిస్తే ఈ రెండర్థాలూ ఒకచోటికే వస్తాయి.

నాయుడుపేటలో ఒకామెని ఊహించుకుందాం. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండో కాన్పప్పుడు రెండు చెంపల మీదా, పై పెదవి మీదా గోధుమ రంగు మంగు వచ్చింది, పోలేదు. మేనకూరు సెజ్‌లో ఉద్యోగం. రోజూ కంపెనీ బస్సు కోసం ఎండలో నిలబడాలి. ఏ పెళ్ళికి వెళ్ళినా పెద్దమ్మ వరసావిడ ఎవరో గడ్డం పట్టుకుని మరీ అడుగుతుంది: "ఏం పాపా, మొకాన ఆ మంగేంది? ఏదన్నా పూసుకోగూడదా?" ఆమె పూసుకోనిది లేదు. ఇప్పుడిక మిగిలిన ప్రశ్న, లేజరా పీలింగా అని. తిరుపతి బస్సెక్కినా, నెల్లూరు బస్సెక్కినా, చెన్నై బస్సెక్కినా రెండూ దొరుకుతాయి.

ఇలాంటప్పుడు చదువుకున్న మనవైపు నుంచి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ప్రాణానికి హాని లేని మచ్చ కదా, ఉన్న చర్మాన్ని ప్రేమించుకోవచ్చు కదా అంటాం. మాట మంచిదే. కానీ ఈ మాట ఎక్కువగా మచ్చ లేనివాళ్ళే అంటారు. మంగు నొప్పి పుట్టించదు, దురద పెట్టదు, నిజమే. ఎదుటివాళ్ళు తన కళ్ళలోకి కాకుండా చెంప వైపు చూసి మాట్లాడుతున్నారని రోజూ గమనించుకోవడం కూడా ఒక బాధే. దాన్ని పోగొట్టుకోవాలనుకోవడం అందం పిచ్చి అయిపోదు.

అయితే పోగొట్టుకోవడమంటే ఏమిటి? అసలు పేచీ ఇక్కడే ఉంది.

కెమికల్ పీల్‌లో గ్లైకోలిక్ ఆమ్లం లాంటిది పూస్తారు. చెరకులో కూడా ఉండే ఆమ్లమే. అది చర్మం పై పొరని వదులు చేస్తుంది, కొద్ది రోజుల్లో ఆ పొర రాలిపోతుంది, దాంతోపాటు అందులో ఉన్న రంగూ పోతుంది. లేజర్ దారి వేరు. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సూత్రం ప్రతిపాదించారు: సరైన తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని అతి తక్కువ సేపు పంపితే, చుట్టుపక్కల కణజాలాన్ని పెద్దగా కాల్చకుండా రంగు రేణువులని మాత్రమే వేడెక్కించవచ్చు అని. మంగుకి తరచుగా వాడే ఎన్‌డీ యాగ్ లేజర్ 1064 నానోమీటర్ల కాంతిని సెకనులో వంద కోట్లో వంతులతో లెక్కపెట్టే వ్యవధిలో వదులుతుంది. రేణువులు ముక్కలవుతాయి, శరీరం వాటిని మెల్లగా తీసేస్తుంది.

అంటే పీల్‌కి తెలిసింది లోతు. ఎంత లోతుకి వెళితే అంతవరకూ ఉన్నదంతా తీసుకుపోతుంది. అంతకంటే కింద దాగిన మంగుని పైపైన చేసే పీల్ అందుకోలేదు. లేజర్‌కి తెలిసింది రంగు. లోతుగా వెళ్ళగలదు, కానీ అది మచ్చ రంగా, మనిషి రంగా అన్నది దానికి పట్టదు. మన గోధుమ చర్మాల్లో ఈ తేడా చాలా ముఖ్యం. గాఢమైన పీల్ వేసినా, వేడి ఎక్కువైన లేజర్ కొట్టినా చర్మం కమిలి, మానేటప్పుడు ముందుకన్నా నల్లబడవచ్చు. లేజర్‌ని పదే పదే కొట్టించుకుంటూ పోతే సున్నం చుక్కలు చిలకరించినట్టు తెల్ల మచ్చలు రావచ్చు. అందుకే చాలామంది వైద్యులు మొదట ఎండ నుంచి కాపుదల, పైపూత మందులు, అవి చాలనప్పుడు తేలికపాటి పీల్స్, లేజర్ చివరికి అంటారు. ఏది చేయించుకున్నా మంగు తిరిగి రావచ్చు.

1975 అనే సంవత్సరం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ఎండకి ఏ చర్మం ఎంత కాలుతుందో వర్గీకరించే కొలమానాన్ని ఫిట్జ్‌ప్యాట్రిక్ ఆ ఏడు తయారుచేశాడు. అది మొదట తెల్ల చర్మాల కోసం. గోధుమ, నల్ల చర్మాలు తర్వాత చేరాయి. రంగు తగ్గించే మూడు మందుల మిశ్రమాన్ని క్లిగ్‌మన్, విల్లిస్ ప్రకటించింది ఆ ఏడే. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చిందీ ఆ ఏడే. 2020లో ఆ క్రీము పేరులోంచి ఫెయిర్ పోయింది. క్లిగ్‌మన్ మిశ్రమంలో ఒక స్టెరాయిడ్ ఉంటుంది. ఆ తరహా క్రీములు మన మందుల షాపుల్లో తెల్లబడే క్రీములుగా చెలామణీ అయ్యి ఎన్ని మొహాల్ని పల్చబరిచాయో! 2018లో చాలా స్టెరాయిడ్ పూతల్ని ప్రభుత్వం చీటీ లేకుండా అమ్మకూడదంది. వైద్యానికి తయారైన మందు రంగు కోరికలోకి ఎంత సులువుగా జారిపోతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

కాబట్టి లేజరా పీలా అన్నదానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఏ చాయ దాకా? మచ్చ పక్కనున్న నా చర్మంలో మచ్చ కలిసిపోతే చాలు అనుకుంటే అది వైద్యం. దానికొక ముగింపు ఉంది. ఇంకొకరి మొహంలా కావాలనుకుంటే ముగింపు లేదు, ఎందుకంటే ఆ కొలత మన ఒంట్లో లేదు. విచిత్రమేమిటంటే చర్మం చెప్పేదీ ఇదే. తన రంగు దాటించి తోసుకుపోతే నల్లబడి ఎదురు తిరుగుతుంది, లేదా తెల్ల చుక్కలై చేతులెత్తేస్తుంది.

మనసులో కోరికలు ఇంత శుభ్రంగా విడివడి ఉండవు కదా అనొచ్చు. ఉండవు. మచ్చ పోవాలని వెళ్ళినామెకి నాలుగు సిట్టింగులయ్యాక ఇంకొంచెం తేలిగ్గా ఉంటే బాగుండు అనిపించడం సహజం, క్లినిక్‌కీ అదే లాభం. కోరిక స్వచ్ఛంగా ఉండాలని పట్టుబట్టడం అన్యాయం. ఎక్కడ ఆపుతారో మొదటి రోజే అడగడం, మొదటి రోజే చెప్పడం మాత్రం సాధ్యం. నల్లబడే ప్రమాదం, తిరిగొచ్చే అవకాశం రెండూ చెప్పకుండా తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనలేం.

ఇక చాయకి రెండో అర్థం. చర్మ కణాల్లో మెలనిన్ రేణువులు కేంద్రకం మీద గొడుగులా చేరి లోపలి డీఎన్ఏని ఎండ నుంచి కాపాడతాయి. శరీరం తనకి తనే పట్టుకునే గొడుగు అది. హార్మోన్లూ, వంశమూ తోడైనప్పుడు ఆ గొడుగే అతిగా విచ్చుకుంటే మంగు. ఏ వైద్యం చేసినా ఆ తర్వాత ఎండకి దూరంగా ఉండమనే చెబుతారు. కంటికి కనిపించే వెలుగు కూడా మంగుని ముదురుస్తుంది కనక ఐరన్ ఆక్సైడ్ కలిసిన సన్‌స్క్రీన్ రోజంతా రాసుకోమంటారు. ఏసీ గదిలో పనిచేసే మనిషికి ఇది ఒక అలవాటు. బస్సు కోసం ఎండలో నిలబడేవాళ్ళకీ, స్వర్ణముఖి ఒడ్డున నాట్లేసేవాళ్ళకీ ఇది తీరని షరతు. లేజర్‌కి డబ్బు ఎలాగో కూడబెట్టుకోవచ్చు, నీడని కూడబెట్టుకోలేం.

ఆమె ఏది ఎంచుకున్నా తప్పుపట్టే హక్కు మనకి లేదు. ఎంచుకోకపోయినా లేదు. కానీ పెళ్ళిలో గడ్డం పట్టుకుని అడిగే ఆ ప్రశ్న మానుకోవడం మన చేతిలో ఉంది. బస్సు ఆగే చోట ఒక కప్పు వెయ్యమని అడగడమూ ఉంది. ఈ రెండు వైద్యాలకీ సిట్టింగులు అక్కర్లేదు.