జ్వాలా నరసింహుడి దారిలో ఎర్రరాళ్ళు

మార్గశిరం మొదలుకొని మాఘం దాకా అహోబిలం దారిలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మెడలో తులసిమాలతో నవనారసింహుల దర్శనానికి ఎక్కేవాళ్ళు కొందరైతే, బూట్లు బిగించి, వీపున సంచి తగిలించుకుని నల్లమల ఎర్రరాళ్ళ అందం చూడటానికి వచ్చేవాళ్ళు ఇంకొందరు. గుడికొచ్చి గుట్టలు చూసిపోతారేమిటని మొదటివాళ్ళకు రెండోవాళ్ళంటే కాస్త చిన్నచూపు. మరో క్షేత్రంలో ఆ మాట చెల్లుతుందేమో గాని, అహోబిలంలో చెల్లదు. దిగువన ప్రహ్లాదవరదుడి ఆలయానికి గోపురాలున్నాయి, మండపాలున్నాయి. ఎగువకు వెళ్తే స్వామి గుహలో ఉంటాడు. జ్వాలా నరసింహుడు కొండ అంచున, పావన నరసింహుడు నడి అడవిలో. పైకి పోయేకొద్దీ శిల్పి పని తగ్గి కొండ పని పెరుగుతుంది. ఉగ్రస్తంభం దగ్గరైతే శిల్పికి పనే లేదు. నిట్టనిలువునా చీలి నిలిచిన ఆ బండనే, హిరణ్యకశిపుడు కొట్టిన కంబమని భక్తులు మొక్కుతారు. అలాంటి చోట గుట్టను చూడటం ఎక్కడ ఆగుతుందో, దేవుణ్ణి చూడటం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పడం ఎవరి తరం?

ఈ మాటకు సాక్ష్యం కొత్తకాలపు యాత్రికుల దగ్గర కాదు, ఆళ్వారుల దగ్గరే ఉంది. నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ఈ క్షేత్రం మీద తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళిలో పది పాశురాలు పాడాడు. వాటిలో స్వామికి ఎంత చోటుందో దారికీ దాదాపు అంత చోటుంది. ఎండిన దిరిసెన కాయలు గాలికి గలగలమంటాయి. రాతిబాటలో వెదుళ్ళు ఒరుసుకుని మంట పుడితే ఆకాశం ఎర్రబారుతుంది. విల్లు పట్టిన వేటగాళ్ళు ఎదురవుతారు. దేవతలకు తప్ప ఇతరులకు చేరరాని చోటని కూడా ఆయన తేల్చేశాడు. దారి ఆయనకు వట్టి అడ్డంకే అయితే ఒక్క ముక్కలో కానిచ్చి స్వామి దగ్గరికి వెళ్ళిపోయేవాడు. అలా చేయలేదు. ఎండనూ రాయినీ వేటగాణ్ణీ స్తోత్రంలోనే కలుపుకున్నాడు. వైష్ణవాలయాల్లో నేటికీ ఆ పాశురాలు చదువుతున్నారంటే, ఆ రాళ్ళ వర్ణన కూడా పారాయణలో భాగమైందనే అర్థం.

ఆయన పాడింది మాత్రం నడివేసవి అహోబిలాన్ని. చలికాలంలో కొండ తీరు వేరు. వానలు వెలిసినా భవనాశినిలో నీరు ఇంకా పారుతుంటుంది. పొద్దు దక్షిణానికి వాలి ఏటవాలుగా కాస్తుంది కాబట్టి బండల ముఖాలు మధ్యాహ్నం దాటినా ఎర్రగా మెరుస్తాయి. క్రోడ నరసింహుడి సన్నిధి దాటి, ఏటి రాళ్ళ మీదుగా, మెట్ల మీదుగా జ్వాలా నరసింహుడి వైపు వెళ్ళేవారికి పక్కనే ఎర్రటి కొండగోడ లేస్తుంది. దాని మీంచి దారిలోకే ధార పడుతుంటుంది. ఇదంతా క్వార్ట్‌జైట్ రాయి. నూరు కోట్ల ఏళ్ళకు పైమాటే, కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే పల్లంలో, నీటి అడుగున పేరుకున్న ఇసుక ఒత్తిడికి గట్టిపడి ఈ రాయి అయింది. ఆనాటి అలలు ఇసుక మీద వేసిన ముడతలు ఈ బేసిన్ బండల మీద చాలాచోట్ల ఇప్పటికీ చేతికి తగులుతాయి. ఇసుకలో కలిసిన ఇనుము తుప్పు పట్టడం వల్ల వచ్చింది ఆ ఎరుపు. పెద్ద బండలు నిలువునా చీలడానికి వాటిలో సహజంగా ఉండే పగుళ్ళే కారణం.

సరిగ్గా ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. ఎరుపు ఇనుముది, చీలిక పగులుది అయినప్పుడు, స్వామి నెత్తుటి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం మాటేమిటి? ఉగ్రస్తంభం మాటేమిటి? రెండు వైపులవాళ్ళూ ఇక్కడ తొందరపడతారు. శాస్త్రం పురాణాన్ని కొట్టేసిందని ఒకరు, శాస్త్రం వట్టిదని ఇంకొకరు. కానీ రాయి ఎలా ఎర్రబడిందన్న ప్రశ్నకు పురాణం ఎన్నడూ జవాబివ్వబోలేదు. అహంకారం కోపంగా మారితే చివరికి ఏమవుతుందో అది చెబుతుంది. ఆ కథను నిలుపుకోవడానికి మన పెద్దలు ఎరుపెక్కిన, చీలిపోయిన ఈ లోయను ఎంచుకున్నారంటే వాళ్ళు కొండను బాగా చూశారన్నమాట. చూడనివాడికి ఆ కథను ఇక్కడ నిలపాలని తోచదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, పైగా ప్రహ్లాదుడి నోటిదే. హరి లేని చోటే లేదన్నప్పుడు కాళ్ళరిగేలా కొండెక్కడం ఎందుకు? మాట నిజమే. అయితే ఆ కంబం అవసరమైంది ప్రహ్లాదుడికి కాదు, అతని తండ్రికి. కొడుక్కి కంబం ఉన్నా లేకున్నా ఒకటే. సొంత సభలో రోజూ చూస్తున్న కంబంలో ఏముందో తెలియనిది హిరణ్యకశిపుడికి. ఒప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా, మనలో చాలామందిమి ఆ విషయంలో తండ్రి పక్షమే. ఇంట్లో దేవుడి గది ముందు నిలబడి ఫోను చూసుకునేవాళ్ళం. జారే రాయి మీద అడుగు వేసేటప్పుడు ఆ పరధ్యానం కుదరదు. కన్ను రాయి మీద ఉండక తప్పదు. ఆ మేరకు నడక పనికొస్తుంది. అంతకుమించి దానికి మహిమ అంటగట్టనక్కర్లేదు.

మరి నడవలేనివాళ్ళో? ముసలివాళ్ళకు, జబ్బుపడ్డవాళ్ళకు అందని దర్శనం దర్శనమేనా, అన్ని సన్నిధులకూ రోడ్డు వేస్తే పోదా అని అడిగేవాళ్ళున్నారు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. కానీ ఈ క్షేత్రం దానికి ఎప్పుడో ఒక ఏర్పాటు చేసుకుంది, అదీ ఈ చలికాలంలోనే. కనుమనాడు స్వామి పారువేటకు బయలుదేరతాడు. చెంచులక్ష్మి ఇంటి అల్లుడు కదా! చెంచులు పల్లకి వైపు బాణాలు వదిలి సాగనంపుతారు. ఇంచుమించు నలభై రోజులు బోయీల భుజాల మీద ఊరూరా తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి జనాన్ని తానే పిలుస్తాడు. కొండ ఎక్కలేనివాళ్ళ కోసం కొండను తవ్వలేదు, దేవుణ్ణే దింపారు. ఇంతకంటే ఉదారమైన ఏర్పాటు రోడ్డు కాంట్రాక్టుల్లో దొరకదు. పైగా చుట్టూ ఉన్నది పులులు తిరిగే అడవి. అటవీశాఖ చీకటి పడ్డాక నడకను ఆపితే విసుక్కునే భక్తులు, అది నరసింహుడి అడవి అన్న సంగతి మరిచిపోతున్నారు. కాబట్టి దేవస్థానాన్ని, ప్రభుత్వాన్ని అడగాల్సింది తారురోడ్డు కాదు. డోలీ మోసేవాళ్ళకు న్యాయమైన కూలి, దారిలో తాగునీరు, ప్రథమ చికిత్స, కింద పడేసిన ప్లాస్టిక్ సీసాలను తిరిగి దించే మనుషులు. ఆ చివరి పనికి మాత్రం తులసిమాలవాళ్ళూ బూట్లవాళ్ళూ ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కర్లేదు.